రికీ లాంబర్ట్ ఎక్కిన మెట్లు: కింది డివిజన్ స్ట్రైకర్‌ను పైకి చేర్చేది ఎవరు?

క్లుప్తంగా: ఇంగ్లండ్ కింది డివిజన్లలో సీజన్‌కు 20, 30 గోల్స్ కొట్టే స్ట్రైకర్లు ఎప్పుడూ ఉంటారు. ప్రీమియర్ లీగ్ దాకా వెళ్లేది మాత్రం కొందరే. రికీ లాంబర్ట్, గ్రాంట్ హోల్ట్, జేమీ వార్డీ లాంటి వాళ్లను పెద్ద క్లబ్బులు వచ్చి ఎత్తుకుపోలేదు. వాళ్లు ఆడుతున్న క్లబ్బే డివిజన్లు ఎక్కుతూ వాళ్లను వెంట తీసుకెళ్లింది. అలా ఎందుకు జరుగుతుంది, అందరికీ ఎందుకు జరగదు అనేది ఈ వ్యాసం విషయం.

2013 ఆగస్టు 14, వెంబ్లీ స్టేడియం. ఇంగ్లండ్, స్కాట్లండ్ 2-2తో సమంగా ఉన్నాయి. వేన్ రూనీ బయటికి వచ్చాడు, అతని స్థానంలో రికీ లాంబర్ట్ దిగాడు. మూడు నిమిషాలు గడిచాయో లేదో లైటన్ బెయిన్స్ కార్నర్ కొట్టడం, లాంబర్ట్ గాల్లోకి లేచి తలతో బంతిని నెట్‌లోకి పంపడం జరిగిపోయాయి. ఇంగ్లండ్ 3-2తో గెలిచింది. జాతీయ జట్టుకు అతనికి అదే మొదటి మ్యాచ్. అప్పటికి వయసు 31.

అంతకు నాలుగేళ్ల ముందు, 2009 ఆగస్టులో, లాంబర్ట్ మూడో డివిజన్ ఆటగాడు. అక్కడి ఒక క్లబ్బు నుంచి అదే డివిజన్‌లోని ఇంకో క్లబ్బుకు మారుతున్నాడు, అంతే. ఈ రెండు తేదీలనూ పక్కపక్కన పెడితే రెండు సందేహాలు వస్తాయి. అంత సత్తా ఉన్నవాణ్ని అన్నేళ్లు ఎవరూ ఎందుకు పట్టించుకోలేదు? అంత మామూలు ఆటగాడే అయితే ఇంగ్లండ్ జట్టులోకి ఎలా వచ్చాడు? 'కష్టపడి పైకొచ్చాడు' అనే జవాబు ఎక్కడైనా దొరుకుతుంది. అది అబద్ధం కాదు గానీ, అంతే కష్టపడి కిందే ఉండిపోయినవాళ్ల సంగతి అది చెప్పదు. అందుకు ఆటగాడి గోల్స్‌తో పాటు క్లబ్బుల డబ్బు లెక్కలు కూడా చూడాల్సి ఉంటుంది.

92 క్లబ్బుల నిచ్చెన

ఇంగ్లండ్‌లో పై నాలుగు డివిజన్లలో కలిపి 92 క్లబ్బులు ఆడతాయి. ప్రీమియర్ లీగ్‌లో 20, దాని కింద ఛాంపియన్‌షిప్, లీగ్ వన్, లీగ్ టూలలో 24 చొప్పున. అంటే లీగ్ వన్ మూడో డివిజన్, లీగ్ టూ నాలుగోది. వాటి కింద నేషనల్ లీగ్, ఆ కింద ఇంకా చాలా అంతస్తులు ఉన్నాయి.

ఐపీఎల్‌లో అట్టడుగున నిలిచిన జట్టు మరుసటి ఏడాది కూడా ఐపీఎల్‌లోనే ఆడుతుంది. ఇక్కడ అలా కుదరదు. లీగ్ వన్‌నే చూస్తే, మొదటి రెండు జట్లు నేరుగా ఛాంపియన్‌షిప్‌కు వెళ్తాయి, 3 నుంచి 6 వరకు నిలిచిన జట్లు ప్లేఆఫ్ ఆడితే వాటిలో ఒకటి వెళ్తుంది. చివరి నాలుగు జట్లు కిందికి దిగిపోతాయి. కాబట్టి ఆటగాడికి పైకి వెళ్లడానికి రెండు దారులున్నాయి. పై డివిజన్ క్లబ్బు అతణ్ని కొనాలి, లేదా అతను ఉన్న క్లబ్బే పైకి వెళ్లాలి. మొదటి దారి గురించి పత్రికలు ఎక్కువ రాస్తాయి. రెండో దారిలో వెళ్లినవాళ్ల గురించి 'అతను పైకొచ్చాడు' అని మాత్రమే రాస్తాయి, క్లబ్బు సంగతి వెనక్కిపోతుంది.

పదేళ్లు, ఐదు క్లబ్బులు

లాంబర్ట్ 1982 ఫిబ్రవరిలో లివర్‌పూల్ పక్కనున్న కర్క్‌బీలో పుట్టాడు. చిన్నప్పుడే లివర్‌పూల్ క్లబ్బు అకాడమీలో చేరాడు, 15 ఏళ్లకు వాళ్లు పంపించేశారు. తర్వాత బ్లాక్‌పూల్‌లో కాంట్రాక్ట్ దొరికింది, అక్కడా నిలవలేదు. ఆ ఖాళీలో కొన్ని నెలలు బీట్‌రూట్ ఫ్యాక్టరీలో జాడీలకు మూతలు బిగించే పని చేశాడు. 2001లో నాలుగో డివిజన్ క్లబ్బు మాక్లెస్‌ఫీల్డ్ టౌన్ అవకాశం ఇచ్చింది. ఏడాది తిరిగేసరికి స్టాక్‌పోర్ట్ కౌంటీ 3 లక్షల పౌండ్లు ఇచ్చి కొనుక్కుంది.

ఆ 2002వ సంవత్సరం కింది డివిజన్లకు గడ్డుకాలం. మ్యాచ్‌ల ప్రసారానికి ఒప్పందం చేసుకున్న ఐటీవీ డిజిటల్ దివాలా తీసింది. లీగ్‌కు అది ఇవ్వాల్సిన దాదాపు 17.85 కోట్ల పౌండ్లు రాలేదు. వస్తాయనుకున్న డబ్బును లెక్కలో వేసుకుని జీతాలు పెంచేసిన క్లబ్బులు ఒక్కసారిగా ఆటగాళ్లను వదిలించుకోవడం మొదలుపెట్టాయి. కింది డివిజన్లలో కాంట్రాక్టులు మామూలుగానే ఏడాదికో రెండేళ్లకో ఉంటాయి, జూన్ 30తో ముగుస్తాయి. ఎవరిని ఉంచుకుంటున్నారు, ఎవరిని పంపేస్తున్నారు అనే జాబితా సీజన్ ముగియగానే, మే నెలలో వస్తుంది. లీగ్ టూ ఆటగాడికి ఆ నెల టెన్షన్ ఏ ఫైనల్‌కూ తీసిపోదు. లాంబర్ట్ కెరీర్ మొదలైంది అలాంటి రోజుల్లో. స్టాక్‌పోర్ట్‌లో అతను పెద్దగా మెరవలేదు. 2005లో మళ్లీ నాలుగో డివిజన్‌కు, రోచ్‌డేల్‌కు దిగాడు.

రోచ్‌డేల్‌లో ఆ ఏడాది ముందు వరుసలో అతని పక్కన ఆడింది గ్రాంట్ హోల్ట్. కార్లైల్‌లో పుట్టి, వర్కింగ్టన్, బారో లాంటి చిన్న క్లబ్బులు తిరిగి వచ్చిన స్ట్రైకర్. నాలుగో డివిజన్‌లో, చిన్న స్టేడియంలో, కొద్దివేల మంది ముందు ఆడుతున్న ఈ ఇద్దరూ తర్వాత ప్రీమియర్ లీగ్‌లో ఒక్కో సీజన్‌లో సరిగ్గా 15 గోల్స్ చొప్పున కొడతారని అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే నవ్వేవారు. 2005-06లో లాంబర్ట్ లీగ్‌లో 22 గోల్స్ చేశాడు. అయినా అతణ్ని కొన్నది ఇంకో నాలుగో డివిజన్ క్లబ్బే. 2006లో 2 లక్షల పౌండ్లకు బ్రిస్టల్ రోవర్స్‌కు వెళ్లాడు. నాలుగేళ్ల ముందు 3 లక్షలు పలికిన ఆటగాడి ధర, గోల్స్ పెరిగాక తగ్గిందన్నమాట.

గోల్స్ ఉన్నా కొనేవాళ్లు ఎందుకు రారు

ఇక్కడే మార్కెట్ తీరు అర్థం చేసుకోవాలి. క్లబ్బు ఆటగాడి కోసం పెట్టిన ధరను ఖాతాల్లో కాంట్రాక్ట్ ఏళ్లకు పంచి రాస్తుంది. 20 ఏళ్ల కుర్రాణ్ని నాలుగేళ్లకు కొంటే, కాంట్రాక్ట్ అయిపోయేలోపు ఎక్కువ ధరకు అమ్ముకునే అవకాశం ఉంటుంది. 27 ఏళ్లవాణ్ని కొంటే కాంట్రాక్ట్ చివరికి 31 వస్తాయి, ఇక తిరిగి వచ్చేదేమీ ఉండదు. అందుకే ఒకే సంఖ్యలో గోల్స్ కొట్టిన ఇద్దరిలో చిన్నవాడి ధర ఎన్నో రెట్లు ఎక్కువ. లాంబర్ట్ గోల్స్ బాగా పెరిగేటప్పటికే మార్కెట్ దృష్టిలో అతని వయసు మీరిపోయింది.

రెండోది గోల్స్ లెక్కను నమ్మాలా వద్దా అనే అనుమానం. కింది డివిజన్లలో సీజన్‌కు 46 లీగ్ మ్యాచ్‌లు, ప్రీమియర్ లీగ్‌లో 38. కాబట్టి మొత్తం సంఖ్యను నేరుగా పోల్చకూడదు. అందులో పెనాల్టీలు ఎన్ని ఉన్నాయో చూడాలి. జట్టు ఆడే పద్ధతి కూడా ముఖ్యమే. బంతిని పొడుగ్గా కొట్టి భారీకాయుడైన స్ట్రైకర్ తలకు అందించే జట్టులో వచ్చే గోల్స్, కాలి దగ్గర బంతి అందుకుని మలుపు తిరిగి కొట్టాల్సిన జట్టులో రాకపోవచ్చు. మూడో డివిజన్ డిఫెండర్ ఇచ్చే ఒక్క క్షణం వెసులుబాటు మొదటి డివిజన్ డిఫెండర్ ఇవ్వడు.

లాంబర్ట్ మీద ఇంకో ముద్ర కూడా ఉండేది, పరుగులో వేగం లేదని. కుర్రవాడిగా ఉన్నప్పటి నుంచి అది అతణ్ని వదల్లేదు. స్కౌట్ (క్లబ్బు కోసం కొత్త ఆటగాళ్లను వెతికేవాడు) స్టాండ్‌లో కూర్చుని ఒకటి రెండు మ్యాచ్‌లు చూసి రిపోర్టు రాసే కాలంలో వేగం కంటికి వెంటనే కనిపించే విషయం. బంతిని మొదటి స్పర్శతోనే అదుపు చేయడం, కాస్త వెనక్కి వచ్చి పాస్ ఇవ్వడం, ఫ్రీకిక్ కొట్టే నైపుణ్యం లాంటివి నాలుగో డివిజన్ బురద పిచ్ మీద అంత తేలిగ్గా కనిపించవు. లాంబర్ట్ బలాలన్నీ ఈ రెండో రకానివే.

2008 ఫిబ్రవరి మ్యాచ్ ఒకటి దీన్ని బాగా చూపిస్తుంది. వేర్వేరు డివిజన్ల క్లబ్బులు కలిసి ఆడే ఎఫ్‌ఏ కప్ ఐదో రౌండ్‌లో బ్రిస్టల్ రోవర్స్ తనకన్నా ఒక డివిజన్ పైనున్న సౌతాంప్టన్‌ను 1-0తో ఓడించింది. గోల్ లాంబర్ట్ ఫ్రీకిక్ నుంచి వచ్చింది. సౌతాంప్టన్ అప్పుడు అతణ్ని కొనలేదు. ఆ తర్వాత 2008-09లో అతను 29 గోల్స్‌తో లీగ్ వన్ టాప్ స్కోరర్లలో ఒకడిగా నిలిచాడు. అదే సీజన్‌లో సౌతాంప్టన్ ఛాంపియన్‌షిప్ నుంచి లీగ్ వన్‌కు పడిపోయింది. అప్పుడు కొనుక్కుంది.

సౌతాంప్టన్: క్లబ్బు లేచింది, ఆటగాడూ లేచాడు

సౌతాంప్టన్ 2005 దాకా ప్రీమియర్ లీగ్ క్లబ్బు. 2009లో మాతృసంస్థ దివాలా స్థితికి చేరింది, అందుకు శిక్షగా మూడో డివిజన్ సీజన్‌ను మైనస్ 10 పాయింట్లతో మొదలుపెట్టాల్సి వచ్చింది. ఆ వేసవిలో వ్యాపారవేత్త మార్కస్ లీబెర్ క్లబ్బును కొన్నాడు. మేనేజర్‌గా వచ్చిన అలన్ పార్డ్యూ ఆగస్టులో సుమారు 10 లక్షల పౌండ్లకు లాంబర్ట్‌ను తీసుకున్నాడు. మూడో డివిజన్‌లో 27 ఏళ్లవాడికి అది పెద్ద మొత్తమే. స్టేడియం, అకాడమీ, అభిమానులు, కొత్త యజమాని డబ్బు అన్నీ పై డివిజన్ స్థాయివి, జట్టు ఆడేది మాత్రం మూడో డివిజన్‌లో. అలాంటి క్లబ్బుకు తిరిగి అమ్ముకునే ధర ముఖ్యం కాదు, ఇప్పటికిప్పుడు గోల్స్ కావాలి. అంతకుముందు లాంబర్ట్‌కు అడ్డుగా నిలిచిన లెక్క ఇక్కడ తిరగబడింది.

2009-10లో అతను లీగ్‌లో 30 గోల్స్ కొట్టాడు. జట్టు ఏడో స్థానంలో ఆగిపోయింది, కానీ వెంబ్లీలో కార్లైల్‌ను 4-1తో ఓడించి ఫుట్‌బాల్ లీగ్ ట్రోఫీ (మూడు, నాలుగు డివిజన్ల క్లబ్బుల కప్) గెలిచింది. మరుసటి ఏడాది 21 గోల్స్, జట్టుకు ప్రమోషన్. 2011-12 ఛాంపియన్‌షిప్‌లో 27 గోల్స్‌తో టాప్ స్కోరర్, జట్టుకు వరుసగా రెండో ప్రమోషన్. 2012లో ప్రీమియర్ లీగ్ మొదటి మ్యాచ్‌లోనే మాంచెస్టర్ సిటీ మీద గోల్ చేశాడు, మ్యాచ్ 3-2తో ఓడిపోయినా. ఆ సీజన్‌కు 15, ఆ పై ఏడాది 13.

ఈ అంకెలను వరుసగా చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. మూడో డివిజన్ నుంచి రెండో దానికి వెళ్లినప్పుడు గోల్స్ తగ్గలేదు, 21 నుంచి 27కు పెరిగాయి. రెండో దాని నుంచి మొదటి దానికి వెళ్లినప్పుడు సగానికి దగ్గరగా పడ్డాయి. అసలు గోడ అక్కడుంది. ఆ గోడ దాటడానికి అతనికి కొన్ని అనుకూలతలు కలిసొచ్చాయి. తన చుట్టూ అల్లుకున్న జట్టుతోనే పైకి వెళ్లాడు, కొత్త చోట నిరూపించుకోవాల్సిన అవసరం రాలేదు. పెనాల్టీలు అతనివే. సౌతాంప్టన్‌లో ఉన్నన్నాళ్లూ 34 పెనాల్టీలు కొట్టి 34నూ గోల్స్‌గా మార్చాడు. వేరే ఏ క్లబ్బు కొన్నా మొదటి రోజే పెనాల్టీ బాధ్యత అతని చేతికి వచ్చేది కాదు.

హోల్ట్ కథ దాదాపు ఇదే, ఇంకాస్త వేగంగా. 2009 వేసవిలోనే నారిచ్ సిటీ అతణ్ని 4 లక్షల పౌండ్లకు తీసుకుంది. అదీ సౌతాంప్టన్ లాగానే మూడో డివిజన్‌కు పడిపోయిన పెద్ద క్లబ్బు. సీజన్ మొదటి మ్యాచ్‌లో సొంతగడ్డ మీద కోల్చెస్టర్ చేతిలో 7-1తో చిత్తయింది, చివరికి డివిజన్ గెలిచింది. హోల్ట్ ఆ ఏడాది 24, మరుసటి ఏడాది ఛాంపియన్‌షిప్‌లో 21, 2011-12లో ప్రీమియర్ లీగ్‌లో 15 గోల్స్ చేశాడు. ఇంగ్లండ్ జట్టు నుంచి మాత్రం పిలుపు రాలేదు.

జేమీ వార్డీ పేరు అందరికీ తెలిసిందే కాబట్టి ఒక్క విషయం చాలు. ఫ్లీట్‌వుడ్ టౌన్ నుంచి 2012లో లెస్టర్ సిటీ అతణ్ని 10 లక్షల పౌండ్లకు కొన్నప్పుడు లెస్టర్ ఛాంపియన్‌షిప్ క్లబ్బు. మొదటి సీజన్‌లో లీగ్‌లో 4 గోల్సే వచ్చాయి. 2014లో క్లబ్బు పైకి వెళ్లింది, 2016లో 24 గోల్స్‌తో వార్డీ, లెస్టర్ కలిసి ప్రీమియర్ లీగ్ టైటిల్ అందుకున్నారు.

లాంబర్ట్‌ను చివరికి ఒక పెద్ద క్లబ్బు కొన్నది. 2014లో 40 లక్షల పౌండ్లకు చిన్ననాటి లివర్‌పూల్. అప్పటికి 32 ఏళ్లు. లీగ్‌లో 25 మ్యాచ్‌లు, ఎక్కువ భాగం బెంచీ మీది నుంచి వచ్చి ఆడినవి, 2 గోల్స్. ఏడాదికే వెస్ట్ బ్రామ్‌కు, తర్వాత కార్డిఫ్‌కు వెళ్లి 2017లో ఆట ముగించాడు. తన చుట్టూ ఆట నడిచే జట్టులో ఇంగ్లండ్ స్ట్రైకర్ అయినవాడు, ఇంకొకరి జట్టులో బెంచీకి పరిమితమయ్యాడు.

అదే ఏడాది పుట్టిన ఇంకొకరు

అడెబాయో అకిన్‌ఫెన్వా పుట్టింది 1982 మే నెలలో, లండన్‌లో. లాంబర్ట్ కన్నా మూడు నెలలు చిన్న. 18 ఏళ్లకు ఆడటానికి లిథువేనియా వెళ్లాడు, అక్కడి ప్రేక్షకుల నుంచి జాతి దూషణలు ఎదుర్కొన్నాడు. తిరిగొచ్చి వేల్స్‌లోని బారీ టౌన్‌లో చేరితే, ఆ క్లబ్బు డబ్బుల్లేక కుప్పకూలింది. 2003-04 ఒక్క సీజన్‌లోనే బారీ టౌన్ కాక బోస్టన్ యునైటెడ్, లేటన్ ఓరియంట్, రష్డెన్ అండ్ డైమండ్స్, డాంకాస్టర్ రోవర్స్ కూడా తిరిగాడు. ఐటీవీ డిజిటల్ తర్వాతి కాలంలో పేరు లేని స్ట్రైకర్ బతుకు ఎలా ఉండేదో చెప్పడానికి ఈ ఒక్క ఏడాది చాలు.

వంద కిలోలు దాటిన శరీరం అతనికి బలం, అదే పరిమితి కూడా. డిఫెండర్‌ను వీపుతో ఆపి బంతిని నిలబెట్టడంలో కింది డివిజన్లలో అతనికి సాటి తక్కువ. ఆ ఆట కోరుకునే మేనేజర్ దొరికిన చోటల్లా రాణించాడు. 2006లో స్వాన్సీకి ఫుట్‌బాల్ లీగ్ ట్రోఫీ ఫైనల్ గెలిపించిన గోల్ అతనిదే, అదీ కార్లైల్ మీదే. అదే ఏడాది లీగ్ వన్ ప్లేఆఫ్ ఫైనల్ షూటౌట్‌లో పెనాల్టీ మిస్ చేశాడు, స్వాన్సీ ఛాంపియన్‌షిప్‌కు వెళ్లలేదు. తర్వాత 2008లో వెళ్లింది, 2011లో ప్రీమియర్ లీగ్‌కూ చేరింది. అప్పటికి అకిన్‌ఫెన్వా అక్కడ లేడు. 2007లోనే క్లబ్బు వదిలేశాడు. అతను దిగాకే ఆ బండి పైకెక్కింది.

2016 లీగ్ టూ ప్లేఆఫ్ ఫైనల్‌లో ఏఎఫ్‌సీ వింబుల్డన్ తరఫున పెనాల్టీ గోల్ చేసి జట్టును లీగ్ వన్‌కు చేర్చాడు. మ్యాచ్ అయిన వెంటనే లైవ్ టీవీలో, తనకిప్పుడు ఉద్యోగం లేదని, మేనేజర్లెవరైనా ఉంటే వాట్సాప్ చేయమని నవ్వుతూ చెప్పాడు. గెలిపించిన రోజునే కాంట్రాక్ట్ అయిపోవడం కింది డివిజన్లలో వింతేమీ కాదు. వైకమ్ వాండరర్స్ పిలిచింది, అదీ మళ్లీ ఒక డివిజన్ కింద. 2018లో వైకమ్ లీగ్ వన్‌కు ఎక్కింది. 2020 మార్చిలో కోవిడ్ వల్ల సీజన్ ఆగిపోయినప్పుడు ఎనిమిదో స్థానంలో ఉంది. ఆడిన మ్యాచ్‌లకు సగటు పాయింట్లు లెక్కగడితే మూడో స్థానం వచ్చింది. ఆ లెక్కతో ప్లేఆఫ్‌కు చేరి, ప్రేక్షకుల్లేని వెంబ్లీలో ఆక్స్‌ఫర్డ్‌ను 2-1తో ఓడించి, చరిత్రలో మొదటిసారి ఛాంపియన్‌షిప్‌కు వెళ్లింది. అకిన్‌ఫెన్వాకు అప్పుడు 38 ఏళ్లు. రెండో డివిజన్‌ను చూడటానికి అన్నేళ్లు పట్టింది. ఒక్క ఏడాదిలోనే జట్టు తిరిగి కిందికి దిగింది. 2022లో అతను రిటైరయ్యాడు.

లాంబర్ట్‌తో పోలిస్తే అతని నైపుణ్యం తక్కువేనని అంగీకరించాలి. అయినా ఇద్దరి మధ్య ఉన్న దూరం నైపుణ్యంలోని తేడా అంత మాత్రమే కాదు. ఒకరు సరైన వేసవిలో సరైన క్లబ్బులో చేరారు, ఇంకొకరు ఎక్కబోయే క్లబ్బును ముందుగానే వదిలారు.

క్లబ్బు మరీ వేగంగా ఎక్కితే

రెండో దారికీ ఒక ప్రమాదం ఉంది. పాల్ మలిన్ 2020-21లో కేంబ్రిడ్జ్ యునైటెడ్ తరఫున 32 గోల్స్‌తో లీగ్ టూ టాప్ స్కోరర్. కేంబ్రిడ్జ్ లీగ్ వన్‌కు ఎక్కింది. అతను మాత్రం కాంట్రాక్ట్ ముగియగానే రెక్సమ్‌కు వెళ్లాడు, అది ఐదో డివిజన్. నటులు ర్యాన్ రేనాల్డ్స్, రాబ్ మాకెల్హెన్నీ ఆ ఏడాదే క్లబ్బును కొన్నారు కాబట్టి, కిందికి దిగినా కాంట్రాక్ట్ భద్రంగా ఉంది. రెండు మెట్లు దిగడాన్ని వింతగా చూసినవాళ్లున్నారు గానీ, ఏడాది ఏడాదికీ ఉద్యోగం వెతుక్కునే స్ట్రైకర్ కోణంలో అది తెలివైన ఎంపికే.

2022-23లో మలిన్ నేషనల్ లీగ్‌లో 38 గోల్స్ కొట్టాడు, రెక్సమ్ 111 పాయింట్లతో పైకొచ్చింది. మరుసటి ఏడాది లీగ్ టూలో 24, ఇంకో ప్రమోషన్. 2025లో వరుసగా మూడో ప్రమోషన్‌తో రెక్సమ్ ఛాంపియన్‌షిప్ చేరింది. ఈ మూడో మెట్టు దగ్గర మలిన్ వెనకబడ్డాడు. వెన్ను ఆపరేషన్ తర్వాత ఫామ్ రాలేదు, జట్టులో చోటు పోయింది. క్లబ్బు ఛాంపియన్‌షిప్‌కు సిద్ధమవుతున్న వేసవిలో అతణ్ని లీగ్ వన్‌లోని విగాన్‌కు లోన్ మీద (తాత్కాలికంగా) పంపింది. డబ్బున్న క్లబ్బు ప్రతి ప్రమోషన్‌కూ కొత్త స్ట్రైకర్‌ను కొనగలదు. సౌతాంప్టన్, నారిచ్ పాత స్ట్రైకర్‌నే నమ్ముకుని పైకి వెళ్లాయి. ఇప్పటి క్లబ్బు యజమానులు అంత ఓపిక పట్టడం అరుదు.

మొదటి దారి కూడా మారింది

ఈలోగా స్కౌటింగ్ కూడా మారింది. ప్రతి షాట్ ఎక్కడి నుంచి కొట్టారు, అక్కడి నుంచి మామూలుగా ఎన్ని గోల్స్ అవుతాయి అనే లెక్కలు ఇప్పుడు లీగ్ టూ మ్యాచ్‌లకు కూడా దొరుకుతాయి. లాంబర్ట్ విషయంలో స్కౌట్ కంటికి ఆనని గుణాలు ఇవాళ కంప్యూటర్‌లో కనిపిస్తాయి. లెక్కల మీదే నడిచే క్లబ్బుగా పేరున్న బ్రెంట్‌ఫర్డ్ 2017లో ఎక్సెటర్ సిటీ నుంచి ఓలీ వాట్కిన్స్‌ను, 2020లో పీటర్‌బరో నుంచి ఐవన్ టోనీని తీసుకుంది. టోనీ 2020-21 ఛాంపియన్‌షిప్‌లో 31 గోల్స్‌తో కొత్త రికార్డు సృష్టించి, పాత పద్ధతిలోనే క్లబ్బుతో కలిసి ప్రీమియర్ లీగ్‌కు చేరాడు. వాట్కిన్స్‌ది మాత్రం వేరే దారి. అతను 2020లో ఆస్టన్ విల్లాకు మారినప్పుడు మొదటి మొత్తమే 2.8 కోట్ల పౌండ్లు. 2024 యూరో సెమీఫైనల్‌లో నెదర్లాండ్స్ మీద చివరి నిమిషంలో గోల్ చేసి ఇంగ్లండ్‌ను ఫైనల్‌కు చేర్చింది అతనే.

విల్లాకు వెళ్లేనాటికి వాట్కిన్స్ వయసు 24. అదే వయసులో లాంబర్ట్ నాలుగో డివిజన్‌లో, రోచ్‌డేల్ నుంచి బ్రిస్టల్‌కు 2 లక్షల పౌండ్లకు మారుతున్నాడు. లెక్కలు మెరుగుపడటం వల్ల మేలు జరిగింది ఎక్కువగా 20, 22 ఏళ్ల వాళ్లకు. 27 ఏళ్లకు మూడో డివిజన్‌లో గోల్స్ కొడుతున్న స్ట్రైకర్ గుణాలు ఇప్పుడు అందరికీ కనిపిస్తాయి, కానీ అతని వయసు కూడా అదే తెర మీద, అదే వరుసలో కనిపిస్తుంది. అలాంటివాడికి ఇవాళ్టికీ ఉన్న ఆశ, పడిపోయిన పెద్ద క్లబ్బు ఏదైనా ఆ వేసవిలో అతని డివిజన్‌కు దిగిరావడమే.